పాఠం 12: ఒకే రాబడికి రెండు పద్దులు

12.1 ప్రవేశిక

బస్తరు ప్రాంతంలో ఎండాకాలం వచ్చిందంటే చింతపండు కాలం వచ్చినట్టే. పల్లెల్లో ఇళ్ల ముందు, పొలం గట్ల మీద ఉన్న చెట్ల కాయను దులిపి, ఎండబెట్టి, పెంకు తీసి సంతకు తెస్తారు. తోకాపాల్, లోహండీగూడ వంటి ఊళ్ల వారపు సంతల్లో కొన్న సరుకు జగదల్‌పూర్ మార్కెట్టుకు చేరుతుంది. అక్కడి నుండి లారీల మీద దక్షిణాదికి వస్తుంది. మన ఇంట్లో కాగే చారులో బస్తరు చింతపండు ఎంతో కొంత ఉండే ఉంటుంది.

జగదల్‌పూర్ మనకు దూరమేమీ కాదు. విశాఖపట్నం నుండి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు ఆ ఊరి మీదుగానే పోతుంది. భద్రాచలం వైపు నుండి కోంటా మీదుగా రోడ్డు ఉంది. జగదల్‌పూర్‌లోనూ, కోంటా, భోపాల్‌పట్నం వంటి సరిహద్దు ఊళ్లలోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నాయి. అందుకే ఈ పాఠానికి ఉదాహరణను అక్కడి నుండి తీసుకుంటున్నాం.

చింతపండు పని ఇప్పుడు వర్తకుల చేతిలోనే లేదు. మహిళా సంఘాలు కూడా కాయ కొని, పిక్క తీసి, ఈనె తీసి, దిమ్మలుగా అచ్చువేసి అమ్ముతున్నాయి. అడవి ఉత్పత్తుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన వన్ ధన్ పథకాన్ని 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లాలోనే ప్రారంభించారు. 20 మంది సభ్యుల సంఘాలు 15 కలిస్తే ఒక కేంద్రం. అంటే 300 మంది కష్టం ఒక లెక్కల పుస్తకంలోకి చేరుతుందన్నమాట. ఆ పుస్తకం నేడు చాలాచోట్ల కంప్యూటరులో గాని, చేతిలోని ఫోనులో గాని ఉంటోంది.

కాగితం మీద లెక్క రాసినప్పుడు ఒక మనిషి, ఒక కలం, ఒక చిట్టా ఉండేవి. కంప్యూటరు లెక్కకు మూడు వాకిళ్లు ఉంటాయి. బిల్లు వేసేటప్పుడు ఒక వాకిలి, డబ్బు వసూలైనప్పుడు మరొకటి, బ్యాంకు వారి లెక్కను తెచ్చి కలిపేటప్పుడు ఇంకొకటి. ఒకే డబ్బు ఒక వాకిలి నుండి వచ్చి, మళ్లీ రెండో వాకిలి నుండి కూడా రాగలదు. రెండుసార్లు వచ్చిందని కంప్యూటరు అంతట తాను పోల్చుకోలేదు.

12.2 ఈ పాఠం చదివిన తరువాత మీరు

– రాబడికీ వసూలుకూ గల తేడాను ఉదాహరణతో చెప్పగలుగుతారు;
– ఒకే రాబడి రెండుసార్లు నమోదయిందని అనుమానం వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు;
– ఆ తప్పును సవరణ పద్దుతో సరిచేయగలుగుతారు, మళ్లీ జరగకుండా చూసుకోగలుగుతారు.

ఈ పాఠానికి ముందు చిట్టా, ఆవర్జా, అంకణా గురించిన పాఠాలు చదివి ఉండాలి. చదవకపోతే ముందు వాటిని పూర్తిచేయండి.

12.3 రాబడి ఎప్పుడు పుడుతుంది?

సరుకు కొన్నవారి చేతికి వెళ్లి, దాని ధర మనకు రావలసి ఉందని తేలిన క్షణంలో రాబడి పుడుతుంది. డబ్బు అప్పుడే రావచ్చు, నెల తరువాత రావచ్చు. ఎప్పుడు వచ్చినా అది పాత రాబడి తాలూకు వసూలే అవుతుంది. వసూలయినప్పుడు మన రాబడి పెరగదు. 'బాకీ' అనే ఆస్తి తగ్గి 'డబ్బు' అనే ఆస్తి పెరుగుతుంది, అంతే.

(లెక్కలు రాసే పద్ధతులు వేరే కూడా ఉన్నాయి. డబ్బు చేతికి వచ్చిన రోజునే రాబడిగా రాసే నగదు పద్ధతి ఒకటి. ఏ పద్ధతినైనా ఎంచుకోవచ్చు గాని, కొన్ని అమ్మకాలకు ఒకటి, కొన్నిటికి మరొకటి వాడితే మాత్రం ఈ పాఠంలో చెప్పే తిప్పలన్నీ తప్పవు. మనం ఇక్కడ బిల్లు వేసిన రోజునే రాబడి అనే పద్ధతిని పాటిద్దాం.)

ఇక మూడో సంగతి. గల్లాపెట్టెలోని డబ్బును బ్యాంకులో వేయడం, బ్యాంకు నుండి తెచ్చి గల్లాలో పెట్టడం. ఇవి మన కుడి జేబులోది ఎడమ జేబులో వేసుకోవడం వంటివి. వీటిని ఎదురు పద్దులు అంటారని నగదు చిట్టా పాఠంలో చదివారు.

కాబట్టి వ్యాపారంలో డబ్బు పేరు వినిపించే సందర్భాలు మూడు: అమ్మకం, వసూలు, స్థలం మార్పు. వీటిలో మొదటిదే రాబడి. లెక్కల సాఫ్ట్‌వేర్లు కూడా ఈ మూడింటికీ మూడు వేరువేరు ఓచర్లు పెట్టాయి. 1986లో బెంగళూరులో మొదలైన టాలీ సంస్థ సాఫ్ట్‌వేరును మన దేశంలో చిన్న వర్తకులు బాగా వాడుతారు. అందులో అమ్మకానికి ఎఫ్8 మీట, వసూలుకు ఎఫ్6, ఎదురు పద్దుకు ఎఫ్4. మీరు వాడేది మరొకటయితే మీటలు వేరుగా ఉండవచ్చు. మూడు తలుపులు మాత్రం ఏదో ఒక పేరుతో ఉంటాయి.

పాఠ్యాంశంలో ప్రశ్నలు 12.1
1. గత నెల అరువు ఇచ్చిన వర్తకుడు ఈ రోజు బాకీ తీర్చాడు. ఈ రోజు మీ రాబడి పెరిగిందా?
2. గల్లాలోని 4,000 రూపాయలను బ్యాంకులో వేశారు. ఏ ఓచరు వాడాలి?

12.4 ఒక సంఘం, ఒక నెల

జగదల్‌పూర్ దగ్గర ఒక ఊరిలో 20 మంది మహిళల సంఘం ఉందనుకుందాం. పిక్క తీసిన చింతపండును అమ్ముతారు. ఎండు చింతపండు మీద 2019 అక్టోబరు 1 నుండి జీఎస్టీ లేదు గనుక మన లెక్కలో పన్ను గొడవ ఉండదు. ప్రారంభ నిల్వలు ఏమీ లేవనీ, ఖర్చులను వేరే పెట్టుబడి నుండి పెడుతున్నారనీ అనుకోండి. ఏప్రిల్ నెలలో జరిగినవి ఇవి:

ఏప్రిల్ 3: విశాఖపట్నం వర్తకునికి అరువు మీద అమ్మకం, బిల్లు నెం. 41, రూ. 18,000.
ఏప్రిల్ 9: తోకాపాల్ సంతలో నగదు అమ్మకం, రూ. 6,500.
ఏప్రిల్ 10: గల్లా నుండి బ్యాంకులో వేసినది, రూ. 6,000.
ఏప్రిల్ 12: దుకాణంలో యూపీఐ ద్వారా మూడు అమ్మకాలు, రూ. 900, 700, 800. క్యూఆర్ పలక ఇచ్చిన సంస్థ మరునాడు మూడింటినీ కలిపి రూ. 2,400గా బ్యాంకులో జమచేసింది.
ఏప్రిల్ 15: హైదరాబాదు కొనుగోలుదారు బ్యాంకు ద్వారా పంపిన బయానా, రూ. 5,000.
ఏప్రిల్ 20: విశాఖపట్నం వర్తకుడు బాకీ మొత్తం బ్యాంకులో వేశాడు, రూ. 18,000.
ఏప్రిల్ 28: హైదరాబాదుకు సరుకు పంపి వేసిన బిల్లు నెం. 47, రూ. 12,000.

చదవడం ఆపి, ఈ నెల రాబడి ఎంతో ఒక కాగితం మీద వేసి చూడండి.

అమ్మకాలు నాలుగు రకాలు: 18,000 + 6,500 + 2,400 + 12,000. మొత్తం రూ. 38,900. నెలాఖరుకు గల్లాలో 500, బ్యాంకులో 31,400, హైదరాబాదు నుండి రావలసినది 7,000. ఈ మూడూ కలిపినా 38,900 వస్తుంది. లెక్క సరిపోయింది.

12.5 అదే నెల, తప్పు పుస్తకం

ఇప్పుడు ఆ సంఘంలో బిల్లులు ఒకరు వేస్తున్నారనీ, నెలాఖరున బ్యాంకు లెక్కను ఇంకొకరు కంప్యూటరులో ఎక్కిస్తున్నారనీ అనుకోండి. చాలా సంఘాల్లో, దుకాణాల్లో జరిగేది ఇదే. బిల్లులు వేసినామె అన్నీ సరిగానే వేసింది. రెండో ఆమె బ్యాంకు వారి పట్టికను ముందు పెట్టుకుని, జమ వైపు కనిపించిన ప్రతి మొత్తానికీ వసూలు ఓచరు తెరిచి, 'ఏ ఖాతా నుండి వచ్చింది?' అని కంప్యూటరు అడిగిన చోట 'అమ్మకాలు' అని నొక్కుతూ పోయింది.

ఆమె నమోదు చేసినవి నాలుగు: 6,000, 2,400, 5,000, 18,000. మొత్తం 31,400. ఈ నాలుగూ నిజంగా బ్యాంకులోకి వచ్చిన డబ్బే. అందుకే తప్పని అనుమానం రాలేదు. ఇప్పుడు పుస్తకంలో అమ్మకాలు 38,900కు బదులు 70,300 అయ్యాయి.

అంకణా తీసి చూద్దాం.

డెబిట్ నిల్వలు
నగదు: 6,500
బ్యాంకు: 33,800
విశాఖపట్నం వర్తకుడు: 18,000
హైదరాబాదు కొనుగోలుదారు: 12,000
మొత్తం: 70,300

క్రెడిట్ నిల్వ
అమ్మకాలు: 70,300

రెండు వైపులా సమానం! ఇక్కడే కొత్తగా లెక్కలు నేర్చుకునేవారు మోసపోతారు. జంటపద్దు విధానంలో ప్రతి పద్దుకూ రెండు వైపులుంటాయి గనుక, ఒక పద్దును పొరపాటున రెండుసార్లు రాస్తే రెండు వైపులూ రెండుసార్లు పెరుగుతాయి. త్రాసులో రెండు పళ్లాల్లోనూ ఒకే రాయి అదనంగా వేస్తే ముల్లు కదలదు కదా. అంకణా వెల్లడించని తప్పులని మీరు చదివిన జాబితాలో ఇదీ ఒకటి. కంప్యూటరు 'తేడా లేదు' అని చూపించినంత మాత్రాన లెక్క నిజమని అనుకోకూడదు. కంప్యూటరుకు తెలిసింది రెండు వైపులూ సమానమా కాదా అన్నంతవరకే.

నష్టమేమిటని అడగవచ్చు. ఆ నెల ఖర్చు 33,000 అయిందనుకోండి. నిజమైన మిగులు 5,900. ఇరవై మందికి పంచితే తలా 295 రూపాయలు. తప్పు పుస్తకం ప్రకారం మిగులు 37,300. తలా 1,865 రూపాయలు! పుస్తకాన్ని నమ్మి పంచితే ఆ తేడా 31,400 ఎక్కడి నుండి వస్తుంది? వచ్చే కాలంలో సంతకు పోయి కాయ కొనడానికి ఉంచుకున్న పెట్టుబడి నుండే వస్తుంది. ఏడాది తిరిగాక చేతిలో డబ్బు లేనప్పుడు సభ్యులు ఒకరినొకరు అనుమానిస్తారు. దొంగ ఎవరూ లేని చోట దొంగతనం జరిగినట్టుంటుంది.

ఇంకొక నష్టం పరువుకు సంబంధించినది. పుస్తకంలో విశాఖపట్నం వర్తకుడు ఇంకా 18,000 బాకీ ఉన్నట్టు కనబడుతోంది. తీర్చిన బాకీని మళ్లీ అడిగించుకున్న వర్తకుడు మరుసటి ఏడు మీ దగ్గర సరుకు కొంటాడా?

సొంత దుకాణం నడుపుకొనే వ్యక్తి అయితే పన్ను కూడా పెరుగుతుంది. చిన్న వ్యాపారులకు ఆదాయపు పన్ను చట్టం ఒక సులువైన పద్ధతి ఇచ్చింది. అందులో మొత్తం అమ్మకాలలో బ్యాంకు ద్వారా వచ్చినదానిపై 6 శాతాన్ని, నగదుగా వచ్చినదానిపై 8 శాతాన్ని లాభంగా లెక్కిస్తారు. అమ్మకాలు రెండింతలుగా చూపితే లాభం కూడా రెండింతలు అవుతుంది. రాని డబ్బుకు పన్ను కట్టడం ఎవరికి ఇష్టం?

12.6 ఎక్కడ వెతకాలి?

అమ్మకాల ఖాతాను పై నుండి కింది దాకా చదివితే తప్పు దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. ఏడాదిలో వెయ్యి పద్దులుంటే అది గడ్డివాములో సూదిని వెతకడమే. దానికంటే మంచి దారి ఉంది.

పైన ఇచ్చిన అంకణాను మళ్లీ చూడండి. అమ్మకాలు 31,400 మేర ఉబ్బాయి. రెండు వైపులూ సమానంగా ఉండాలంటే డెబిట్ వైపు కూడా అంతే మొత్తం ఉబ్బి తీరాలి. అంటే, లేని రాబడి పుస్తకంలోకి వచ్చినప్పుడల్లా దానికి తోడుగా లేని ఆస్తి ఒకటి వస్తుంది. రాబడి కంటికి కనబడదు, దాన్ని లెక్కపెట్టలేం. ఆస్తిని మాత్రం లెక్కపెట్టవచ్చు. అందుచేత ఆస్తుల దగ్గర వెతకండి.

గల్లాపెట్టె తెరిచి డబ్బు లెక్కపెట్టండి. పెట్టెలో 500 ఉంది, పుస్తకం 6,500 అంటోంది. తేడా 6,000. ఈ మొత్తం ఎక్కడైనా కనబడిందా? అవును, ఏప్రిల్ 10న బ్యాంకులో వేసింది. ఎదురు పద్దుగా రాయవలసినదాన్ని అమ్మకంగా రాశారు.

బ్యాంకు పాసుపుస్తకం తీయండి. అందులో 31,400, పుస్తకంలో 33,800. తేడా 2,400. యూపీఐ బిల్లులు మూడింటినీ వేసిన రోజే బ్యాంకు ఖాతాకు రాశారు, మరునాడు వచ్చిన మొత్తాన్ని మళ్లీ రాశారు. ఈ రకం తప్పును పట్టుకోవడానికే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక ఉంది. ఆ పాఠం పరీక్ష కోసమే అనుకుని వదిలేసినవారు ఇప్పుడు మరొకసారి చదవడం మంచిది.

తరువాత బాకీదారుల జాబితా. ఇది గల్లా లాగా మన ఇంట్లో ఉండదు గనుక అవతలివారిని అడగాలి. ఏడాదికి ఒకసారైనా ప్రతి బాకీదారునికీ 'మా లెక్క ప్రకారం మీ నిల్వ ఇంత, మీ లెక్కతో సరిపోతుందా?' అని మర్యాదగా ఒక ఉత్తరమో, ఫోను సందేశమో పంపితే చాలు. విశాఖపట్నం నుండి 'మేము 20వ తేదీనే తీర్చాము' అని జవాబు వస్తుంది. హైదరాబాదు వారు 'మా లెక్కలో మీకివ్వవలసినది 7,000 మాత్రమే, బయానా 5,000 తగ్గించుకోండి' అంటారు. బయానా వచ్చిననాడు అది రాబడి కాదు. సరుకు ఇంకా ఇవ్వలేదు గనుక అది మనం అతనికి పడిన బాకీ. దాన్ని అతని ఖాతాకే జమకట్టి ఉంటే, 12,000 బిల్లు వేసిన రోజున నిల్వ తనంతట తానే 7,000 అయ్యేది.

బయానా మార్చిలో వచ్చి బిల్లు ఏప్రిల్‌లో వేస్తే తప్పు మరింత లోతుకు పోతుంది. రెండు పద్దులూ రెండు వేరువేరు ఆర్థిక సంవత్సరాల్లో పడతాయి. ఏ ఏడాది పుస్తకాన్ని విడిగా చూసినా రెండోసారి రాసినట్టు కనబడదు. చింతపండు కాలం సరిగ్గా మార్చి 31కి అటూ ఇటూ ఉండడం వల్ల బస్తరు సంఘాలకు ఈ ముప్పు ఎక్కువ.

ఇప్పుడు కూడండి: 6,000 + 2,400 + 18,000 + 5,000 = 31,400. ఉబ్బిన రాబడికి తోడుగా ఉన్న లేని ఆస్తులన్నీ దొరికాయి.

పాఠ్యాంశంలో ప్రశ్నలు 12.2
1. ఒక రాబడిని రెండుసార్లు రాసినా అంకణా ఎందుకు సమానంగా ఉంటుంది?
2. పుస్తకం ప్రకారం గల్లాలో 3,200 ఉండాలి, పెట్టెలో 1,200 ఉంది. వెంటనే దొంగతనం అనుకోకుండా ముందుగా ఏ పద్దును వెతుకుతారు?

12.7 సవరించడం

దొరికిన తప్పు పద్దును కంప్యూటరులో నొక్కి తుడిచేయాలనిపిస్తుంది. నెల ముగియకముందు, ఎవరికీ లెక్క చూపకముందు అయితే అలా చేయవచ్చు. సభ్యులకు చదివి వినిపించిన లెక్కను, బ్యాంకుకు ఇచ్చిన లెక్కను, పన్ను అధికారులకు పంపిన లెక్కను మాత్రం తుడవకండి. సవరణ పద్దు రాయండి. తప్పు ఎలా జరిగిందో, ఎప్పుడు సరిచేశారో రెండూ పుస్తకంలో నిలిచిపోవాలి. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుండి ఇది నిబంధన కూడా: ప్రతి మార్పు జాడను దాచిపెట్టే సాఫ్ట్‌వేరునే వారు వాడాలి. సంఘాలకూ చిన్న దుకాణాలకూ ఆ నిబంధన లేదు. అయినా ఆ అలవాటు మంచిదే.

మన ఉదాహరణకు సవరణ పద్దులు ఇవి:

అమ్మకాల ఖాతా డె. 31,400
నగదు ఖాతాకు 6,000
బ్యాంకు ఖాతాకు 2,400
విశాఖపట్నం వర్తకుని ఖాతాకు 18,000
హైదరాబాదు కొనుగోలుదారు ఖాతాకు 5,000
(ఏప్రిల్ నెల వసూళ్లను, బ్యాంకులో వేసిన సొమ్మును పొరపాటున అమ్మకాలుగా రాసినందుకు సవరణ)

బ్రాకెట్లలో రాసిన వివరణను వదలవద్దు. ఆరు నెలల తరువాత ఈ పద్దు ఎందుకు ఉందో చెప్పేది అదొక్కటే.

12.8 మళ్లీ జరగకుండా

ఇటలీ దేశస్థుడు లూకా పాచియోలీ 1494లో వెనిస్ నగరంలో అచ్చువేయించిన గణిత గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. చిట్టాలోని పద్దును ఆవర్జాలోకి ఎక్కించగానే, ఆ పద్దు మీద ఒక గీత గీయమని అందులో చెప్పాడు. గీత ఉంటే ఎక్కించినట్టు, లేకపోతే ఎక్కించవలసి ఉన్నట్టు. ఐదు వందల ఏళ్ల కిందటి వర్తకుల భయమూ ఇదే: ఒకే పద్దును రెండుసార్లు ఎక్కిస్తామేమోనని. కంప్యూటరు వచ్చాక మనకు ఆ గీత గీసే అలవాటు పోయింది. దాన్ని వేరే రూపంలో తెచ్చుకోవాలి.

మొదటిది, వసూలు ఓచరులో 'అమ్మకాలు' అనే పేరు ఎన్నడూ రాకూడదు. డబ్బు ఎవరు ఇచ్చారో వారి పేరు రావాలి. పేరు రాయగానే మంచి సాఫ్ట్‌వేర్లు 'ఏ బిల్లుకు?' అని అడుగుతాయి. టాలీలో దీనికి 'ఎగైన్‌స్ట్ రిఫరెన్స్' అనే మాట కనబడుతుంది. పాత బిల్లుకు సంబంధించిన వసూలు అని దాని అర్థం. బిల్లు నెం. 41ని ఎంచుకుంటే ఆ బిల్లు బాకీల జాబితా నుండి తొలగిపోతుంది. పాచియోలీ గీత ఇదే. బిల్లు ఇంకా లేకపోతే 'అడ్వాన్స్' అని ఎంచుకోవాలి. తొందరలో 'ఆన్ అకౌంట్' అని వదిలేసేవారున్నారు. ఏ బిల్లుకూ ముడిపడని వసూళ్లు నాలుగు నెలలు పేరుకుంటే ఆ చిక్కు విప్పడం ఎవరి తరమూ కాదు.

యూపీఐ అమ్మకాలకు ఒక చిన్న ఉపాయం ఉంది. బిల్లు వేసేటప్పుడు నేరుగా బ్యాంకు ఖాతాకు రాయకుండా 'క్యూఆర్ వసూళ్లు' అని మధ్యలో ఒక ఖాతా తెరవండి. మూడు బిల్లులూ ఆ ఖాతాకు డెబిట్ అవుతాయి. మరునాడు 2,400 బ్యాంకులో పడగానే బ్యాంకుకు డెబిట్, క్యూఆర్ వసూళ్లకు క్రెడిట్. ఆ ఖాతా నిల్వ సున్నా కావాలి. కాకపోతే ఏదో బిల్లు తప్పిపోయింది, లేదా డబ్బు ఇంకా రాలేదు, లేదా సంస్థ రుసుము కోసుకుంది. ఏదైనా ఆ రోజే తెలుస్తుంది. ఈ ఒక్క ఖాతా తెరవడం నేర్చుకుంటే ఈ పాఠం చదివిన శ్రమ తీరినట్టే.

బ్యాంకు పట్టికను నేరుగా కంప్యూటరులోకి దింపే సౌకర్యం ఇప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. దాన్ని పోల్చి చూడడానికి వాడాలి. పట్టికలోని వరుసకు పుస్తకంలో ముందే పద్దు ఉందేమో వెతికి, ఉంటే జత కలపాలి. లేకపోతేనే కొత్తది రాయాలి. యూపీఐలో ప్రతి చెల్లింపుకూ 12 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. నేరుగా ఖాతాకు వచ్చిన డబ్బుకు ఆ సంఖ్యను పద్దు వివరణలో రాస్తే, అదే సంఖ్య రెండోసారి ఎదురైనప్పుడు వెతికి పట్టుకోవచ్చు.

సంతలో ఫోను అందని చోట కాగితం బిల్లులు రాయక తప్పదు. ఆ పుస్తకానికి వేరే వరుస పెట్టండి: 'సంత 1', 'సంత 2' అని. కాగితం బిల్లును కంప్యూటరులోకి ఎక్కించగానే దాని మీద అడ్డంగా గీత కొట్టండి. సంతకు పోయినామె సాయంత్రం ఫోనులో ఒకసారి, మరునాడు దుకాణంలోని ఆమె కాగితం చూసి మరొకసారి ఎక్కించే ప్రమాదం దీంతో తప్పుతుంది. బిల్లు నంబర్లను చేత్తో వేసేటప్పుడు, ఒకే నంబరు రెండోసారి పడకుండా అడ్డుకునే ఏర్పాటు టాలీ వంటి వాటిలో ఉంది. మొదటి రోజునే దాన్ని పెట్టుకోండి.

12.9 ఒకేలా కనబడేవన్నీ ఒకటే కావు

ఇంత చదివాక కొందరు ఉత్సాహంతో ఒకే తేదీ, ఒకే మొత్తం ఉన్న పద్దులన్నిటినీ కొట్టివేయడం మొదలుపెడతారు. అదీ తప్పే. సంతలో ఒకే రోజు ఇద్దరు మనుషులు 400 రూపాయల సరుకు చొప్పున కొనవచ్చు. బిల్లు నంబర్లు వేరు, కొన్నవారు వేరు, డబ్బు రెండుసార్లు వచ్చింది. రెండూ నిజమైన రాబడులే. ఒకదాన్ని తుడిస్తే గల్లాలో డబ్బు పుస్తకం కంటే ఎక్కువ కనబడుతుంది. లేని ఆస్తి దొరికితేనే పద్దును అనుమానించండి.

మారకం వర్తకం మరో ఉదాహరణ. పూర్వం బస్తరు సంతల్లో వర్తకులు ఉప్పు ఇచ్చి సారపప్పు తీసుకునేవారు. అడవి మనిషికి ఆ మారకంలో ఎంత అన్యాయం జరిగిందో వేరే కథ. లెక్క మాటకు వస్తే, ఉప్పు ఇవ్వడం వర్తకునికి ఒక అమ్మకం. ఆ సారపప్పును పట్నంలో అమ్మితే అది రెండో అమ్మకం. సరుకు వేరు, కొన్నవారు వేరు. ఇక్కడ రెండు రాబడులు రాయడమే సరి.

మీరే చేయండి: మీ ఇంటి దగ్గరి ఏదైనా చిన్న దుకాణం యజమానిని అడిగి, ఒక వారం బ్యాంకు జమలను చూడండి. ప్రతి జమ పక్కన 'అమ్మకం', 'వసూలు', 'స్థలం మార్పు', 'బయానా' అనే నాలుగు మాటల్లో ఏదో ఒకటి రాయండి. ఏ మాటకూ చెందనివి (అప్పు తెచ్చినది, వడ్డీ, ఇంటివారు పంపినది వంటివి) ఉంటే వాటిని వేరే రాసి, మీ అధ్యయన కేంద్రంలో చర్చించండి.

పాఠాంత ప్రశ్న
మార్చి 27న ఒక కొనుగోలుదారు 8,000 బయానా ఇచ్చాడు. ఆ రోజు దాన్ని అమ్మకాల ఖాతాకు రాశారు. ఏప్రిల్ 6న సరుకు ఇచ్చి 20,000కు బిల్లు వేశారు. మిగిలిన 12,000 అతను అదే రోజు చెల్లించాడు. ఆ చెల్లింపును అతని ఖాతాకు రాశారు. ఇప్పుడు పుస్తకంలో అతని నిల్వ ఎంత? నిజంగా ఎంత ఉండాలి? తప్పు ఏ సంవత్సరానిది?

జవాబులు

12.1
1. పెరగలేదు. రాబడి గత నెలలోనే నమోదయింది. ఈ రోజు బాకీ తగ్గి డబ్బు పెరిగింది.
2. ఎదురు పద్దు ఓచరు (టాలీలో ఎఫ్4).

12.2
1. పద్దులోని డెబిట్, క్రెడిట్ రెండూ రెండోసారి నమోదవుతాయి గనుక.
2. 2,000 రూపాయలు బ్యాంకులో వేసి, దాన్ని ఎదురు పద్దుగా కాక అమ్మకంగా రాశారేమో చూడాలి. అది కాకపోతే నమోదు కాని ఖర్చు ఏదైనా ఉందేమో వెతకాలి.

పాఠాంత ప్రశ్న
పుస్తకంలో అతను ఇంకా 8,000 బాకీ ఉన్నట్టు కనబడుతుంది (20,000లో 12,000 పోగా). నిజంగా అతని నిల్వ సున్నా. బిల్లు సరైనదే. తప్పు మార్చి 27 నాటి పద్దులో ఉంది గనుక అది ముగిసిన సంవత్సరానిది. ఆ ఏడాది అమ్మకాలు 8,000 ఎక్కువగా చూపారు. ఆ లెక్కలు ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే మార్చి 31 తేదీతో అమ్మకాల ఖాతాకు డెబిట్, అతని ఖాతాకు క్రెడిట్ రాయాలి. ఇచ్చేసి ఉంటే పాత పుస్తకాన్ని ముట్టుకోకుండా, గత సంవత్సరపు తప్పు అని వివరణ రాసి ఈ సంవత్సరంలో సవరణ పద్దు వేయాలి. పన్ను పత్రం అప్పటికే పంపి ఉంటే దాన్ని సవరించే గడువు ఇంకా ఉందేమో పన్ను సలహాదారును అడగాలి.